పెద్దల్లుడి కవరు

బొంబాయి దాటింది, సముద్రం దాటింది, ఈపాటికి మస్కట్ కూడా దాటే ఉంటుంది అనుకున్నాడు అబ్రార్, వనపర్తి బస్టాండులో కంట్రోలర్ కుర్చీలో కూర్చుని, గోడగడియారం మూడుంబావు చూపిస్తుంటే. పొద్దున పదకొండుంబావుకు శంషాబాద్‌లో లేచిన హజ్ విమానం నాలుగూ ముప్పావుకు జిద్దాలో దిగాలి. నాలుగు వేల వంద కిలోమీటర్లు, అయిదున్నర గంటలు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక కాబట్టి, అక్కడ కాలు పెట్టేసరికి ఇంకా రెండుంబావే అయి ఉంటుంది. అంటే ఎక్కి కూర్చున్నవాడికి రెండున్నర గంటలు ఊరికే కలిసొస్తాయి. ఎవడికి కలిసొస్తాయి? అమానుల్లాకే కలిసొస్తాయి. ఆ మనిషికి కలిసిరానిదేముంది గనక! గద్వాలలో కాలిపోయిన బోరుమోటార్లకు రాగితీగ చుట్టుకునేవాడు గాలిమోటారెక్కాడు. ఇరవయ్యారేళ్ళుగా బస్సులను దారిలో పెడుతున్న తనకు మాత్రం ఈ మోటారు గాలి, ఈ డీజిలు పొగ, ఈ పల్లికాయ పొట్టు, ఈ కిటికీలోంచి దూరే తలకాయలు. వాడు హాజీ, తనది హాజిరీ. వాడు కుట్టులేని రెండు తెల్లగుడ్డల్లో ఎహ్రాంలో ఉన్నాడు, తనకిక్కడ ఆరాం హరాం. ఇవే మాటలు పైకి అంటే నవ్వుతారు, అబ్రార్ సాబ్ నోరు తెరిస్తే నవ్వడానికి బస్టాండులో నలుగురు ఎప్పుడూ సిద్ధమే. కానీ ఈరోజు చమత్కారాలన్నీ నాలుక దాకా వచ్చి, స్టేజీ లేని చోట చెయ్యెత్తిన మనిషిని చూసినట్టు చూసి, ఆగకుండా లోపలికే వెళ్ళిపోతున్నాయి.

పరాయివాడైతే ఇంత మంట లేదు. సడ్డకుడు. నాగర్‌కర్నూలు మెహబూబీకి ఇద్దరు బిడ్డలు. పెద్దబిడ్డ నిషాత్‌ను అబ్రార్ చేసుకున్నాడు, నాలుగేళ్ళ తర్వాత చిన్నబిడ్డ హుమేరాను అమానుల్లా చేసుకున్నాడు. కాబట్టి అబ్రార్ పెద్దల్లుడు. ఆ పెద్దరికం సరిగ్గా ఆ నాలుగేళ్ళే నడిచింది. అప్పట్లో అత్తగారు దస్తర్‌ఖాన్ పరిస్తే నల్లిబొక్క ఎవరినీ అడక్కుండా నేరుగా వచ్చి అబ్రార్ పళ్ళెంలో పడేది. చిన్నల్లుడు వచ్చిన మొదటి బక్రీదుకు ఆ బొక్క గిన్నెలో కొంచెం తటపటాయించింది, రెండో బక్రీదుకు రూటు మార్చింది. 'నీకు పండ్లు మంచిగలేవంటివి గద బిడ్డా' అన్నది మెహబూబీ ఎంతో ప్రేమగా. పళ్ళు బాగాలేవని ఎప్పుడన్నాడు? ఎన్నేళ్ళ కిందటో ఒకసారి ఐసుముక్క కొరికి అన్నాడు. అయినా నల్లిబొక్కకు పళ్ళెందుకు, పీల్చడానికి ఊపిరి చాలదా? ఊపిరి ఉంది, పీల్చుకుంటూనే ఉన్నాడు, అమానుల్లా పక్కన కూర్చుని ఆ బొక్కను పళ్ళెం అంచుకేసి టకటక కొడుతుంటే ఆ చప్పుడు వింటూ. తర్వాత కరువొచ్చింది. పాలమూరంతా బోర్లు ఎండాయి, ఎండిన బోర్లలో మోటార్లు కాలాయి, అటు వడ్డేపల్లి నుంచి ఇటు బీచుపల్లి దాకా ఉన్న ఊళ్ళనుంచీ కాలినవన్నీ ట్రాక్టర్లెక్కి గద్వాలకే వచ్చాయి. ఊళ్ళకు కరువైతే వాడికి కరువుతీరా పని. ముందు స్కూటరు, తర్వాత ఫ్రిజ్జు, ఆ తర్వాత సెల్‌ఫోను. ఆ సెల్‌ఫోను మొదటిసారి తెచ్చి చూపించినప్పుడు నిషాత్ దాన్ని అరచేతిలో పెట్టుకుని 'ఎంత అల్కగున్నదో చూడున్రి జీ' అన్నది. ఆ తేలిక ఇప్పటికీ అబ్రార్ గుండెల మీద బరువుగానే ఉంది. జుట్టు సంగతి సరేసరి. ఇద్దరికీ ఏడేళ్ళే తేడా, కానీ వాడు దువ్వుకుంటాడు, తను తడుముకుంటాడు.

"సారూ, శ్రీరంగాపూర్ బస్సు ఎప్పుడొస్తది?" కిటికీలో జములమ్మ తలకాయ. రోజూ పల్లికాయలమ్మి ఇదే వేళకు ఊరికి పోయే మనిషి, రోజూ ఇదే అడుగుతుంది. రోజూ అయితే అబ్రార్ 'రంగనాయక సామి రైటంటే వస్తదమ్మా' అంటాడు, ఆమె బుట్టలోంచి నాలుగు కాయలు తీసి బల్లమీద పడేసి నవ్వుతుంది. ఈరోజు అతను వినలేదు. అతని కళ్ళు ఆమె తల మీదుగా, షెడ్డు రేకుల మీదుగా, పడమటి దిక్కు మబ్బులేని ఆకాశంలో ఉన్నాయి. "బస్సు సంగతి అడిగితే మొగులు దిక్కు చూస్తవేంది? శ్రీరంగాపూర్ బస్సు మొగుల్లకెల్లి దిగుతదా?" "దిగుతది, కూసో" అన్నాడు అబ్రార్. జములమ్మ అతణ్ణి ఎగాదిగా చూసి, "నీకు జరమొచ్చినట్టున్నది సారూ, దవాఖానకు పో" అని బుట్ట సర్దుకుని పోయింది. జ్వరం కాదమ్మా, జ్వరమైతే గోలీ ఉండేది. కంట్రోలర్‌కు కడుపుమంట మీద కంట్రోల్ లేదు, అంతే.

దూరమంటే అబ్రార్‌కు స్టేజీలు. వనపర్తి నుంచి గద్వాలకు పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి. యాభై చిల్లర కిలోమీటర్లు, గంటన్నర, కృష్ణ వంతెన మీద ముసలివాళ్ళు కిటికీలోంచి నదిలోకి రూపాయి విసిరేదాకా డ్రైవరు నెమ్మదిస్తే ఇంకో నిమిషం. నాలుగు వేల వంద అంటే గద్వాలకు నలభై సార్లు పోయి రావడం. నలభై సార్లకు, పోనూ రానూ మూడేసి గంటల చొప్పున, నూట ఇరవై గంటలు, టీకి దిగితే ఒక వారం. అంత దూరాన్ని వాడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే, వేడివేడిగా ఎవరో తెచ్చి ఒళ్ళో పెట్టింది తింటూ, అయిదున్నర గంటల్లో చుట్టేస్తాడు; తీగ చుట్టినవాడికి చుట్టడం ఎంతపని! తను ఇన్నేళ్ళలో చేసిన పెద్ద ప్రయాణం గుల్బర్గా ఉరుసు, అది కూడా స్టాఫ్ పాసు మీద, డ్రైవరు పక్కన ఇంజను మూత పైన. పదకొండుకు ఫోనొచ్చింది వాడి దగ్గర్నుంచి. 'భాయీజాన్, ఎక్కినం. తలుపులేస్తుండ్రు. దువా చేయున్రి.' వెనకాల పిల్లలూ, ముసలివాళ్ళూ, ఎవరో మైకులో అరబ్బీ. 'సీటు ఎట్ల దొరికింది?' అని అడిగాడు అబ్రార్, అడక్కుండా ఉండలేక. 'కిటికి పక్కన దొరికింది భాయీజాన్.' ఆ మాటకే కడుపులో ఒక గేరు పడింది. 'నేనెక్కడ కూసుంట, హుమేరాకు ఇచ్చిన, అది మబ్బులు చూస్తనంటున్నది.' రెండో గేరు పడింది. కిటికీ సీటు దొరకడం ఒక ఎత్తు, దొరికినదాన్ని పెళ్ళానికి ఇవ్వడం ఇంకో ఎత్తు. వాడికి రెండు ఎత్తులూ ముప్పై వేల అడుగుల ఎత్తు మీద దొరికాయి. పాతికేళ్ళలో తను నిషాత్‌కు కిటికీ సీటు ఇచ్చింది లేదు, కిటికీ పక్కన గాలి తగలకపోతే తనకు తల తిరుగుతుంది. విమానం ఆలస్యమైతే బాగుండు అనుకున్నాడు. పడిపోవాలని కాదు, తౌబా తౌబా, వందలమంది హాజీలు. ఊరికే ఒక గంటసేపు దిగడానికి జాగా లేక జిద్దా మీదే గుండ్రంగా తిరుగుతూ ఉండాలని, ప్లాట్‌ఫారం ఖాళీలేక బస్సు బయట రోడ్డుమీద ఆగినట్టు, వాడు మెడ చాచి చాచి చూసి విసుక్కోవాలని. కానీ వాడు విసుక్కోడు. అదే కదా బాధ.

అసలు వాడికి హజ్ ఫారం నింపడం నేర్పింది ఎవరు? అబ్రారే. వరసగా రెండేళ్ళు దరఖాస్తు వేసి, వరసగా రెండేళ్ళూ ఖుర్రాలో, అంటే వేలమందిలోంచి తీసే చిట్టీలో, పేరు రాక కూర్చున్నవాడు అబ్రార్. 'ఖుర్రా పక్కోనికి, కుర్చీ నాకు' అని అప్పుడు తనే జోకేసి అందరికంటే ముందు నవ్వాడు. ఏ గడిలో ఏం రాయాలో, ఫోటో వెనక గోడ ఏ రంగులో ఉండాలో గద్వాల దాకా పోయి విడమర్చి చెప్పాడు. వాడు అన్నీ విని, తలూపి, ఈ ఏడు మే నెల ఎండలో బండిమీద వనపర్తి వచ్చాడు, ఫారాలు చెమటకు తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని. 'భాయీజాన్, నలుగురం ఒకటే కవర్ల ఏద్దాం. వస్తే నలుగురికీ వస్తది, లేకుంటే నలుగురం ఈడనే ఉందాం.' హజ్ దరఖాస్తుకు ఆ పద్ధతి ఉంది. ఒక ఇంటివాళ్ళు, దగ్గరి చుట్టాలు, అయిదుగురి దాకా ఒకే కవర్లో పేర్లు వేసుకోవచ్చు. చిట్టీలో ఆ కవరు లేచిందంటే లోపలున్న అందరూ లేచినట్టే. మంచి మాటే అనుకున్నాడు అబ్రార్ కూడా. నిషాత్ ఎదురింటికి పోయి ఉంది. కళ్ళజోడు పెట్టుకుని, ఫారం అందుకుని, మొదటి గడి చూశాడు. కవర్ హెడ్: అమానుల్లా. నీలం సిరాతో, గుండ్రంగా, రాగితీగ చుట్టినంత శ్రద్ధగా. రెండో పేరు హుమేరా. మూడో పేరు అబ్రార్. మూడోది! పెద్దల్లుడు, సర్కారు యూనిఫారం వేసుకునేవాడు, ఫారం నింపడం నేర్పిన గురువు, చిన్నల్లుడి కవర్లో, చిన్నల్లుడి భార్య వెనక మూడో సీటు.

'పెద్దోన్ని నేనుండంగ హెడ్డు నువ్వెట్లయితవురా?' అన్నాడు. 'అయ్యో భాయీజాన్, ఫోను నంబరు నాదున్నదని ముందు నా పేరు రాసిన. కొట్టేసి రాస్తే చెల్లదంటరు. రేపే మహబూబ్‌నగర్ పోయి కొత్త ఫారం తెస్త, మీ పేరే మొదలు పెడదాం, దాందేముంది.' దాందేముంది! అదిగో, అక్కడ తగిలింది. వాడు కాదని ఉంటే అబ్రార్ అరిచి, కొట్లాడి, గెలిచి, హెడ్డై, హాయిగా అదే కవర్లో కూర్చునేవాడు. వాడు ఇచ్చేశాడు, నల్లిబొక్కను పళ్ళెంలోంచి పళ్ళెంలోకి జరిపినట్టు, నవ్వుతూ. అలా ఇచ్చినదాన్ని ఎట్లా తీసుకోవడం? 'అక్కెరలేదు. నీ కవరు నీది, నా కవరు నాది' అన్నాడు అబ్రార్. 'భాయీజాన్, ఆపా ఏమనుకుంటదో...' అన్నాడు వాడు, నిషాత్ గురించి. 'ఆపాకు నేను చెప్పుకుంట.' చెప్పుకున్నాడు కూడా. ఆ సాయంత్రం బియ్యంలో రాళ్ళేరుతూ నిషాత్ 'అమానుల్లా భాయ్ వచ్చిపోయిండంట గద, ఏందంట?' అంటే, 'ఆల్లు ఫారం ఏసుకుంటున్నరంట, చెప్పిపోయిండు' అన్నాడు. 'ఆల్లిద్దరేనా?' అంది నిషాత్, చాటలోంచి చెయ్యి తీయకుండా. 'ఆల్లిద్దరే.' ఇంతే. పల్లెవెలుగు టికెట్టంత చిన్న అబద్ధం, అరచేతిలో నలిపి పారేస్తే పోయేది. ఆ రాత్రి అన్నంలో మాత్రం రాళ్ళే రాళ్ళు.

చిట్టీ తీశారు. అమానుల్లా కవరు లేచింది. అబ్రార్ కవరుకు వెయిటింగ్ లిస్టు, ఆరువందల పదకొండు. హజ్ చేసినవాళ్ళకు చివర్లో గుండు కొడతారు, తనకు మొదట్లోనే కొట్టింది ఖుర్రా. లిస్టు జరుగుతుందేమోనని, ఎందుకైనా మంచిదని మహబూబ్‌నగర్‌లో హాజీలకు పెట్టిన ట్రైనింగుకు కూడా పోయి వచ్చాడు. ఎహ్రాం ఎట్లా కట్టాలో, ఎన్ని చుట్లు తిరగాలో, విమానం ఎంతసేపు పోతుందో, ఎక్కడ ఏమనాలో అన్నీ బట్టీపట్టాడు, లిస్టు మాత్రం అయిదువందల దగ్గర ఇంజను ఆపేసి దిగిపోయింది. ఒక్క కవరు. ఆ రోజు నోరు మూసుకుని మూడో సీట్లో కూర్చుని ఉంటే ఈపాటికి తనూ మస్కట్ దాటేవాడు. నిషాత్ కూడా దాటేది. ఈ రెండో మాట దగ్గరికి ఆలోచన వచ్చిన ప్రతిసారీ అబ్రార్ దాన్ని డైవర్షన్ బోర్డు పెట్టి ఇంకో రోడ్డు మీదికి మళ్ళించేవాడు, అమానుల్లా జుట్టు మీదికో, ఫ్రిజ్జు మీదికో. జూన్ నుంచి నవంబరు దాకా మళ్ళించాడు. మొన్న శుక్రవారం ఆ రోడ్డు మూసుకుపోయింది.

శుక్రవారం ఇద్దరూ వచ్చారు, మాఫీ అడగడానికి. హజ్‌కు పోయేవాళ్ళు ముందు ఇల్లిల్లూ తిరిగి, అన్నవీ విన్నవీ మాఫ్ చేయమని అడిగి పోవాలి. దేవుడి పట్ల చేసిన తప్పు దేవుడు మాఫ్ చేస్తాడు, మనిషికి చేసిన తప్పు ఆ మనిషే చేయాలి. అందుకని గద్వాల బజారులో కూరగాయల వాళ్ళ దగ్గర్నుంచి నాగర్‌కర్నూలులో మాట్లాడని మేనమామ దాకా అందరినీ అడిగి వచ్చారు. అమానుల్లా అబ్రార్‌ను రెండు చేతులా కావలించుకుని 'భాయీజాన్, కహా సునా మాఫ్ కర్నా' అన్నాడు. 'మాఫ్, మాఫ్' అన్నాడు అబ్రార్, 'రైట్, రైట్' అన్నట్టే, గొంతులోంచి. హుమేరా లోపలికి పోయి నిషాత్‌ను పట్టుకుని ఏడ్చింది. నిషాత్ చేతులు రెండూ పక్కలకే ఉండిపోయాయి. తలుపు సందులోంచి చూశాడు అబ్రార్. చెల్లెలు వీపు వణుకుతోంది, ఆ వీపు మీద పడాల్సిన చెయ్యి కొంగు అంచు నలుపుకుంటోంది. తర్వాత చాయ్ తెచ్చి పెట్టి, నిలబడే, నిషాత్ అమానుల్లాను అడిగింది: 'ఒక్క మాట అడిగితే ఏం పోతుండె భాయ్? మేం గూడ మీ కవర్ల వస్తుంటిమి గద.' అమానుల్లా అబ్రార్ వైపు చూశాడు. ఒక్క చూపు, అంతే, స్టేజీ దగ్గర ఆగని ఎక్స్‌ప్రెస్ లాంటి చూపు. తర్వాత కప్పులోకి చూస్తూ 'తప్పయింది ఆపా. తొందర్ల ఏసిన. మీరే మాఫ్ చెయ్యాలె' అన్నాడు. తను చేయని తప్పుకు, చేసినవాడి ఇంట్లో, చేసినవాడి చాయ్ తాగుతూ, మాఫీ అడిగాడు. నా అబద్ధాన్ని కూడా వాడే మోసుకుపోయాడు, ఉన్న లగేజీ చాలదన్నట్టు. కృతజ్ఞత రావాలి కదా? రాలేదు. అబ్రార్‌కు ఆ క్షణాన వచ్చింది నిఖార్సయిన ఈర్ష్య, ఇన్నేళ్ళలో ఎప్పుడూ రానంత. స్కూటరు కొనుక్కోవచ్చు, ఫ్రిజ్జు కొనుక్కోవచ్చు; ఇది ఎక్కడ దొరుకుతుంది, ఏ దుకాణంలో? చిన్నల్లుడు కప్పు పెట్టి లేచాడు, పెద్దవాడై లేచాడు.

అందుకని ఈ నాలుగు రోజులూ అబ్రార్ లోపల ఒక చిన్న చెక్‌పోస్టు తెరిచాడు. ట్రైనింగులో మౌలానా చెప్పిన మాట: మక్కా దారిలో ఒక హద్దు ఉంది, మీఖాత్, దాన్ని దాటేలోపు ఎహ్రాంలో ఉండి, నియ్యత్, అంటే సంకల్పం, చేసుకుని, 'లబ్బైక్, వచ్చాను' అనాలి. విమానంలో ముందుగా చెబుతారు, కండక్టర్ స్టేజీ పేరు అరిచినట్టు, దిగడానికి ఓ అరగంట ముందు. 'ఆ గీత దాటేటప్పుడు వెనక ఎవరి మనసులోనూ మీమీద ముల్లు లేకుండా చూసుకోండి' అన్నాడు మౌలానా. ముల్లు నా దగ్గరుంది అనుకున్నాడు అబ్రార్. నోటితో మాఫ్ అన్నాను, మనసుతో అన్లేదు. వాడు నాలుగు వేల కిలోమీటర్లు పోనీ, సంతకం వనపర్తిలో నేను పెట్టాలి. ఆ తలంపు శనివారమంతా చల్లగా ఉంది, ఆదివారం తీపిగా ఉంది, సోమవారం కొంచెం పులిసింది, ఈరోజు, మంగళవారం, మూడున్నర దాటాక విరిగింది. వాడు తనకు చేసిన తప్పేమిటి? వెతికాడు, ఆత్రంగా వెతికాడు, లాస్టుబస్సులో పోయిన సంచిని సీట్లకింద వెతికినట్టు. నల్లిబొక్క అత్తగారు వేసింది. కరువు దేవుడిచ్చింది. జుట్టు వాళ్ళ నాయనది. కవర్లోకి రమ్మన్నాడు, పేరు మార్చి రాస్తానన్నాడు, అబద్ధాన్ని నెత్తిన పెట్టుకుపోయాడు. మాఫ్ చేయడానికి చేతిలో ఒక్క తప్పు లేదు! చెక్‌పోస్టు ఉంది, లారీ ఖాళీగా ఉంది. మరి ముల్లెక్కడ? ఉన్న ముల్లల్లా నిషాత్ మనసులో ఉంది, చెల్లెలి మీద, అక్కను వదిలి తనొక్కతే మక్కాకు పోయిందని. అది నాటింది అబ్రార్. హుమేరా ఇప్పుడు ఆ కిటికీ పక్కన కూర్చుని, ఏమీ తెలియకుండా, అక్క చెయ్యి తగలని వీపుతో ఆ గీత వైపు పోతోంది. నాలుగుంబావుకు దాటుతుంది. గడియారం నాలుగింటికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

నిషాత్ నాలుగూ అయిదు బస్సుకు వచ్చింది, చేతిలో బట్టల సంచితో. హుమేరా పిల్లలు నాగర్‌కర్నూలులో అమ్మమ్మ దగ్గరున్నారు. హుమేరావాళ్ళు హజ్ చేసి తిరిగొచ్చేదాకా, నలభై రోజులు, మెహబూబీకి ఆసరాగా ఉండడానికి పోతోంది. చెల్లెల్ని సాగనంపడానికి అందరూ హైదరాబాదు పోతే మోకాళ్ళ నొప్పని పోలేదు. పిల్లల దగ్గరికొచ్చేసరికి మోకాళ్ళు గుర్తులేవు. కోపం కోపమే, పిల్లలు పిల్లలే.

"రొట్టెలు డబ్బల పెట్టిన. మూడు దినాలొస్తయి. బీపీ గోలీలు మర్వకున్రి" అంది. తర్వాత, అడగనా వద్దా అన్నట్టు ఆగి, "దిగిండ్రా?"

"ఇంకా లేదు. నాలుగూ ముప్పావుకు."

"హుమేరాకు ఎత్తెక్కితే చెవులు దిబ్బడేస్తయి. చిన్నప్పుడు ఉరుసుల రంగులరాట్నం ఎక్కితె నా కొంగు పట్టుకునే ఉంటుండె." సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. "ఇప్పుడు ఎవరి కొంగు పట్టుకుంటదో. నాకేమెరుక, నన్ను పిలుస్తే గద" అని బస్సెక్కి, ముందునుంచి రెండో కిటికీ దగ్గర కూర్చుంది.

పేరుకు బక్కయ్య గానీ ఇద్దరి సీటు ఒక్కడే నింపే కండక్టరు వచ్చి, "నాలుగూ అయిదు సాబ్, రైటంటరా?" అన్నాడు. ఎమ్మెల్యేకు ఆపనివాడు, కలెక్టరు చుట్టాలకు ఆపనివాడు, పెళ్ళికూతురు చెప్పు తెగిపోయి ఏడ్చినా ఆపనివాడు అబ్రార్, "ఆగు" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఇరవయ్యారేళ్ళు పట్టింది. బయటికొచ్చి కిటికీ కింద నిలబడ్డాడు. నోరు తెరిచాడు. పెబ్బేరులో చలి మొదలైందంట అన్నాడు. మూశాడు. బస్సులోంచి ఎవరో, "ఏందయ్యా, డ్రైవరున్నడు, డీజిలున్నది, దేనికాగింది?" అన్నారు. "కంట్రోలర్ సాబ్ ఇంటామె పోతున్నది, నలభై దినాల ముచ్చట ఒక్కపారే చెప్పుకుంటుండు, జర ఓపిక పట్టున్రి" అన్నాడు బక్కయ్య, బస్సంతా నవ్వింది. డ్రైవరు శంకరయ్య ఇంజను కట్టేసి వీపు వెనక్కి వాల్చాడు. ఇంజను ఆగాక అంతా మరీ వినబడేట్టయింది.

"నిషాత్, కవరు ముచ్చట."

"ఏం కవరు?"

"హజ్ కవరు. అమానుల్లా పిలిచిండు. ఫారం తీస్కొని ఇంటికే వచ్చిండు, నలుగురం ఒకటే దాంట్ల ఏద్దామని. నేనే వద్దన్న. నీకు అబద్ధం చెప్పిన."

నిషాత్ కిటికీ కడ్డీ పట్టుకుంది. "ఎందుకు?"

ఎందుకు అన్న మాటకు అబ్రార్ దగ్గర మామూలుగా పదహారు జవాబులుంటాయి, పదహారూ నవ్వించేవే. ఒక్కటీ స్టాండులో లేదు. "వాని పేరు మీదున్నది" అన్నాడు. "నాది కిందున్నది."

ఆమె అతణ్ణే చూసింది. అతనికి ఆ చూపు కింద నిలబడటం కంటే బస్సు కింద పడుకోవడం సుఖమనిపించింది. "హుమేరా నన్ను పట్టుకొని ఏడ్చిపోయింది" అంది.

"ఎరుకే."

"నేను దాని మీద చెయ్యి గూడ ఎయ్యకపోతి."

"ఎరుకే."

"మీకన్నీ ఎరుకే." వెనక సీట్లో చంటిపిల్ల ఏడుపు మొదలుపెట్టింది, ఎవరో జోకొట్టారు. "టైమెంత?"

"నాలుగూ పన్నెండు."

"మీఖాత్ ఎన్నింటికంటిరి?"

"నాలుగుంబావుకు."

నిషాత్ కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఒక చెయ్యి కడ్డీ వదిలి, ముందు సీటు వీపు మీద, ఎవరినో నిమిరినట్టు మెల్లగా పైకీ కిందికీ పోయింది. కింద నిలబడి అబ్రార్ కూడా కళ్ళు మూశాడు, తనూ ఏదో ఒకటి చేయాలి కదా అని. అమానుల్లా, పో, బాగా పో, నాకేం లేదు అనుకున్నాడు, నిజంగానే అనుకున్నాడు, అనుకుంటుండగానే కళ్ళముందు ఆ కిటికీ, కిటికీలో మబ్బులు, మబ్బుల్ని వేలితో చూపిస్తున్న హుమేరా, ఆమె భుజం మీదుగా వంగి చూస్తున్న ఒత్తయిన జుట్టు. ఆ జుట్టు దగ్గర కొంచెం ఆగాల్సి వచ్చింది. దాటడానికి పెద్ద ఘాటే ఎక్కినంత పనైంది.

కళ్ళు తెరిచేసరికి నిషాత్ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. "హుమేరాది అయిపాయె" అంది. "భాయ్ నాకేం జెయ్యనేలే, ఆయన ముచ్చటే లేదు."

అబ్రార్ కాళ్ళు మార్చుకున్నాడు. బక్కయ్య తలుపు దగ్గర నిలబడి ఆకాశంలోకి చూస్తున్నట్టు నటిస్తున్నాడు.

"మరి నాది?"

నిషాత్ సంచి ఒళ్ళోకి తీసుకుని సర్దుకుని కూర్చుంది, కిటికీ సీట్లో, గాలికి ఎదురుగా. "మీకేం తొందరొచ్చె?" అంది. "మీరేమన్న గాలిమోటార్ల ఉన్నరా?" అని ముందుకు తిరిగి, "శంకరయ్యన్నా, పోనియ్యి" అంది.

కంట్రోలర్ రైటనకముందే బస్సు కదిలింది.